సాపు చేసిన ఎముక

మా ఎల్లారెడ్డి ఊర్ల కట్టెతోని తలుపులు, మంచాలు చేసే వడ్లపని మామకు ఒక అలవాటుండె. ఏ వస్తువు కనబడ్డా ఒక కన్ను మూసి, రెండో కంటితోని దాని వంకర చూసేటోడు. పెండ్లిపిల్లను చూడవోయి గూడ గట్లనే చూసిండని మా అవ్వ నవ్వేది.

తొంభైలల్ల సైకిల్ మోటర్ మీదికెళ్లి పడితే నా కాలు విరిగి, ఎముక వంకరగ అతికింది. మళ్ల కోసి సరిచెయ్యాలన్నడు కామారెడ్డి డాక్టరు. ఎక్కడ కొయ్యాల్నో ముందుగాల చేతుల పట్టుకొని చూసుకుంటనని, పట్నంల తీసిన స్కాన్ ఫిల్ములు మామకిచ్చి కట్టెతోని అచ్చం అసొంటి ఎముకనే చెయ్యమన్నడు. ఫిల్ముల మీద నా ఎముక తరిగిన బెండకాయ లెక్క ముక్కలు ముక్కలుగ ఉండె. మామ ఒక్కో ముక్కను పల్చటి చెక్క మీద గీసి, కోసి, ఒకదాని మీద ఒకటి అతికిచ్చిండు.

"నూలుపోగంత తేడా వస్తే నా ఉలి చెరువుల పారేస్త" అన్నడు.

డాక్టరు ఆ ఎముకను అటు తిప్పి, ఇటు తిప్పి చూసిండు. "వంకర ఏదయ్యా?"

"వంకర పని ఇస్తే నన్ను వడ్లోడంటరా సారూ? రందా కొట్టి, వంకరంత చెక్కేసి సాపు చేసిన."

"నాకు కావాల్సింది ఆ వంకరే!"

మామ మొకం చిన్నబోయింది. పండ్లు కొరుక్కుంట మళ్లొకటి, ఉన్న వంకర ఉన్నట్టే చేసిచ్చిండు. దాన్ని చూసుకుంటనే డాక్టరు నా కాలు నిలబెట్టిండు.

ఇప్పటికీ కొంచెం కుంటుత. నేను బజార్ల నడుస్తుంటె మామ ఒక కన్ను మూసి చూసేటోడు.

"డాక్టరు మంచోడే బిడ్డా" అనేటోడు, "రందా కొట్టుడే రాదు."