బైరికి తెలిసిన డబ్బా

మా ఆయనకు ఇద్దరు పెళ్లాలని వీధిలో అనేవాళ్లు. ఒకతె కింద వంటింట్లో, ఇంకొకతె మిద్దె మీద పావురాల గూట్లో. పైదానికి జొన్నలు, సజ్జలు, వారానికోసారి నానబెట్టిన శనగలు. కిందిదానికి సంగటి. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని గానీ, రెట్ట గోకేదీ, గూడు కడిగేదీ, నీళ్లు మార్చేదీ నేనే. పొద్దున్నే చీపురు పట్టుకుని మిద్దె ఎక్కితే మళ్లీ దిగేదాకా నా నోరు మూతపడేది కాదు. "జరుగే తిండిబోతుదానా, నీ యబ్బ మిద్దె అనుకుంటివా" అని ఒక్కొక్కదాన్నీ పలకరించి మరీ తిట్టేదాన్ని. ఒక్కటీ పట్టించుకున్న పాపాన పోలేదు.

అవి పందెం పావురాలు. క్లబ్బువాళ్లు వాటిని బుట్టల్లో పెట్టి, తుంగభద్ర అవతల ఎక్కడికో లారీలో తీసుకుపోయి వదులుతారు. అక్కడి నుంచి ఎవరి గూటికి అవి ఎగిరి రావాలి. వచ్చి గూట్లో దూరగానే కాలికున్న రబ్బరు పట్టీ విప్పి, దాని లోపల దాచిన నంబరును ఫోటో తీసి ఫోన్లో గ్రూపుకు పంపాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఒక్కటే: పందేలు జరిగేది చలికాలంలో, బైరి డేగ మా మెట్టకు వచ్చేదీ చలికాలంలోనే.

బైరి చూడటానికి కాకి కన్నా పెద్దదేమీ కాదు. కళ్ల కింద నల్లటి మీసాలు, బిగించి కట్టినట్టుండే రెక్కలు. అది వెంటపడి తరమదు. కనపడనంత ఎత్తుకు పోయి అక్కడి నుంచి రాయిలా పడుతుంది. ఆ తర్వాత గాలిలో కాసేపు ఈకలు తేలుతూ ఉంటాయి. మా వైపు వేరుశనగ పీకేశాక చేలన్నీ బోడిగా ఉంటాయి, గుట్టల మీద రాళ్లు తప్ప ఏమీ ఉండదు. పావురం దూరి దాక్కుందామంటే ఒక గుబురైనా కనపడదు.

మేము చేయని ఉపాయం లేదు. పాత సీడీలు దారాలకు కట్టి మిద్దె చుట్టూ వేలాడదీశాం. అవి తళతళా మెరిసి ఎదురింటి ముసలమ్మ కళ్లకు బాధ తెచ్చాయే గానీ బైరికి కాదు. పావురాల రెక్కల మీద రంగుతో పెద్ద పెద్ద కళ్లు గీశాం. టపాకాయలు కాల్చాం. నా పాత చీర కట్టి దిష్టిబొమ్మను నిలబెట్టాం. దాన్ని చూసి చుట్టాలు నేనే అనుకుని పలకరించారు. బైరి మాత్రం వీధి చివర సెల్ టవర్ మీద కూర్చుని, ఒంటికాలి మీద నిద్రపోయేది.

మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడంటే ఎంత ఎత్తున ఉన్న పావురమైనా రెక్కలు ముడిచి దిగేది. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది. చెయ్యి రాలేదు. మూతి పక్కకు లాగేసింది, ఈల పోయింది. మాట ముద్దగా వచ్చేది. ఒకరోజు అంగడి ముందు ఎవరో మోటారు తెచ్చి, ఈయన ఏదో చెబితే "ఏమన్నా, ఏమంటాండావు?" అని రెండుసార్లు అడిగారు. అంతే, ఆ రోజు నుంచి ఇల్లు దాటి నోరు తెరవలేదు. ఎవరేమడిగినా నా వైపు చూసేవాడు, నేనే జవాబు చెప్పేదాన్ని. ఆయనను మంచం మీద నుంచి లేపి మెట్లెక్కించగలిగింది ఆ పావురాలే. అందుకే తిడుతూనైనా వాటిని సాకాను.

ఈల పోయాక డబ్బా వచ్చింది. పాత డాల్డా డబ్బాలో గుప్పెడు జొన్నలు పోసి గలగలలాడిస్తే దిగాలని పావురాలకు నేర్పాం. త్వరగానే నేర్చుకున్నాయి. వాటితోపాటు ఇంకొకటి కూడా నేర్చుకుంది.

అది మొదట కనిపెట్టింది నేనే. మేము దింపే వేళకే దాడి జరిగేది. డబ్బా మోగుతుంది, పావురాలు వరసగా మిద్దె వైపు వాలతాయి, వాటి మీదికి బైరి దూకుతుంది. ఒకటి, మళ్లీ ఒకటి, అలా గూడు ఖాళీ అవుతూ వచ్చింది. ఒకనాడు పావురాలన్నీ లోపల ఉండగా, జొన్నల్లో పురుగు పట్టిందని డబ్బా తీసుకుని ఊరికే గలగలలాడించాను. టవర్ మీద నిద్రపోతున్నది లేచి, నేరుగా మా మిద్దె మీదికి వచ్చి నిలబడినట్టు గాల్లో ఆగింది. మేము అన్నానికి పిలుస్తున్నది మా పావురాలనొక్కటే కాదని అప్పుడు తెలిసింది.

ఈ సంక్రాంతి ముందటికి మంచి పావురాల్లో మిగిలింది ఒకే ఒక్క బూడిదరంగు పెట్ట. ఆయన ఈల వేసే రోజుల్లో పుట్టిన పిల్ల అది. దాన్నే పందేనికి పంపుతానన్నాడు.

"ఏమయ్యా, ఆ మహాతల్లి టవరు మింద కూసోనుండాది. ఉన్న ఒక్కదాన్నీ దాని నోట్లో పెడ్తావా?" అన్నాను.

"ఎగరకుంటే... అది పావురమా?" అన్నాడు. కుడిచేత్తో పెట్ట వీపు నిమురుతూ, "ఇది గానీ పోతే... గూడు పీకేస్తా" అన్నాడు.

గూడు పీకితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన మెట్లెక్కడు. మంచం దిగడు. నాకు నిజంగా భయమేసింది.

పందెం రోజు పొద్దున్నే పావురాలను వదిలామని ఫోన్లో కబురు వచ్చింది. మధ్యాహ్నం నుంచి ఇద్దరం మిద్దె మీదే ఉన్నాం. టవర్ మీద బైరి ఉంది. ఆయన ఉత్తరం వైపు చూస్తున్నాడు, నేను టవర్ వైపు చూస్తున్నాను. సాయంత్రం అసర్ నమాజుకు అజాన్ అయిపోయిన కాసేపటికి ఆయన నా భుజం పట్టుకున్నాడు. గుట్ట మీదుగా చిన్న చుక్క, కిందికి కిందికి వస్తోంది. పెట్టే అది. వీధి దాకా వచ్చి, టవర్ మీది బైరిని చూసిందో ఏమో, గిరుక్కున తిరిగి ఎదురింటి మిద్దె మీది నీళ్ల ట్యాంకు కింద, పైపుల మధ్య దూరింది. అక్కడే నక్కి కూర్చుంది. దానికీ మా గూటికీ మధ్య వీధంత ఖాళీ ఆకాశం.

ఎదురింటాయనకు గొర్రెలున్నాయి. దొడ్డి నుంచే చూసి, "అక్కా, నేను ఎక్కి పట్టుకునేదా?" అని అడిగాడు.

"వద్దప్పా. కొత్త మనిషిని చూస్తే లేస్తాది. లేస్తే అయిపోయె" అన్నాను.

మా ఆయన కుడిచెయ్యి డబ్బా మీదికి పోయింది. గబుక్కున లాక్కున్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. పందెం గడియారం నడుస్తోందని ఆయన తొందర. డబ్బా మోగితే పెట్ట కన్నా ముందు బైరి లేస్తుందని నా భయం.

"చీకటి పడేదాకా ఉండనీలే" అన్నాను.

"మసక వేళ... దానికే మేలు" అని టవర్ వైపు గడ్డం చూపించాడు. నిజమే. బైరి మసకలో ఇంకా బాగా వేటాడుతుంది. అప్పటికీ తప్పించుకుంటే, రాత్రికి వీధి పిల్లులున్నాయి.

అప్పుడు తట్టింది నాకు. డబ్బాకు బైరి వస్తుందంటే, రానీ. డబ్బా ఈ మిద్దె మీదే మోగాలని ఎక్కడుంది?

"నేను డబ్బా ఎత్తుకొని టవరు అవతల బీట్లోకి పోతా. ఆడ మోగిస్తా. అది నా తట్టు మళ్లుతానే నువ్వు దీన్ని పిలుచుకో."

"దేనితో?" అన్నాడు.

"నోటితో. నేను రోజూ తిట్టినట్ల తిట్టు. అది గుడ్డులో నుంచి బయటికొచ్చినప్పట్నుంచీ ఇన్న మాట అదే."

ఆయన వీధిలోకి చూశాడు. ఎదురింటాయన ఉన్నాడు, పంపు దగ్గర ఆడవాళ్లున్నారు. తల అడ్డంగా ఊపాడు. నాకు ఒళ్లు మండింది.

"నేను మోగించినాక నువ్వు నోరు తెరవకపోతే, పెట్ట డబ్బాకని నా దగ్గరికే వస్తాది. బైరి కాళ్ల కిందికే వస్తాది. ఇంక నీ ఇష్టం" అని, ఆరేసిన తెల్ల తువ్వాలు లాక్కుని మెట్లు దిగాను.

పరిగెత్తే వయసు కాదు నాది. పంపు దగ్గర వాళ్లు ఏమైందని అడుగుతున్నా ఆగలేదు. టవర్ దాటి, పోయిన ఏడు విత్తనం వేయకుండా వదిలేసిన బీట్లోకి పోయి, ఊపిరి అందక నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. బిస్మిల్లా అనుకుని డబ్బా మోగించాను. ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో తువ్వాలు, పావురం రెక్క కొట్టుకున్నట్టు.

బైరి కదల్లేదు. తల మాత్రం తిప్పింది. ఇంకా గట్టిగా మోగించాను. ఒకసారి రెక్కలు విదిలించి, టవర్ మీద నుంచి జారి, చుట్టూ తిరుగుతూ పైకి పోయింది. ఎండలోకి పోయి మాయమైంది. అది ఎక్కడుందో తెలియక మా మిద్దె వైపు చూశాను. అక్కడి నుంచి ఒక బూడిదరంగు పిట్ట నా వైపు వస్తోందేమోనని వెతికాను. చెయ్యి ఆపుదామా అంటే, ఆపితే బైరి వెనక్కి మళ్లుతుంది. ఆపలేదు. నెత్తి మీద గుడ్డ చింపినట్టు చప్పుడైంది. గాలి చెంపకు కొట్టింది. తువ్వాలుకు జానెడు దూరం దాకా వచ్చి, మోసం కనిపెట్టి, నన్ను దాటి పైకి లేచింది. దాని పసుపు కాళ్లు చూశాను. కాళ్లు ఖాళీగానే ఉన్నాయి. నేను కూలబడిపోయాను. జొన్నలన్నీ నేల మీద ఒలికిపోయాయి.

లేచి ఇంటి దారి పట్టాను. పెట్ట వచ్చిందో లేదో తెలియదు, ఆయన నోరు తెరిచాడో లేదో తెలియదు. వీధి మలుపు దగ్గర వినపడింది. ముద్ద ముద్దగా, సగం మాటలు విరిగిపోతూ, కానీ మసీదు దాకా వినపడేంత గట్టిగా. "తిండిబోతుదానా, నీ యబ్బ మిద్దె అనుకుంటివా" అని నా తిట్లే, ఒక్కటీ వదలకుండా. పంపు దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ కదలడం లేదు. అందరూ పైకే చూస్తున్నారు.

మిద్దె ఎక్కేసరికి ఆయన పెట్టను కుడిచేత్తో రొమ్ముకు అదుముకుని నిలబడి ఉన్నాడు. పెట్ట ఎప్పుడో దిగింది. ఇప్పుడు తిడుతున్నది ఆకాశంలోని బైరిని. నన్ను చూసి ఆగాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. పెట్ట కాలికి రబ్బరు పట్టీ అలాగే ఉంది.

"పట్టీ తీయలేదా?" అన్నాను.

"ఉండేది... ఒకే చెయ్యి" అన్నాడు. "దీన్ని వదిలేదా?"

పట్టీ నేను తీశాను. ఫోటో పంపాను. అప్పటికే గ్రూపులో వేరేవాళ్ల పావురాలు ఎన్నో వచ్చేశాయి. ఆయన ఫోను వైపు చూడనే లేదు. నేను కళ్లు తుడుచుకుని, చెమట అన్నట్టు ముఖమంతా తుడుచుకున్నాను.

కింది నుంచి ఎదురింటాయన కేకేశాడు. "అన్నా, పావురం వచ్చెనా?"

అలవాటు కొద్దీ నేను నోరు తెరిచాను. నాకన్నా ముందే ఆయన పిట్టగోడ దగ్గరికి పోయి, "వచ్చెనప్పా. రెక్క కూడా చెదరలే" అన్నాడు.

ఎదురింటాయన రెండోసారి అడగలేదు.