విమల మేడం దాచిన కణాలు

విమల మేడం ఇక లేరని వాచ్‌మన్ యాదగిరి గేటు దగ్గరే చెప్పాడు. తెల్లవారుతుండగా మడికొండలోని ఇంట్లో గుండె ఆగిపోయిందట. నేను నమ్మలేదు. లోపలికి వెళ్లి, రోజూలాగే ఆమె మైక్రోస్కోపు తుడిచి పెట్టాను. పదిన్నర దాటినా కుర్చీ ఖాళీగానే ఉంది. అప్పుడు ఏడ్చాను.

వరంగల్‌లోని ఈ ప్రయోగశాలలో నేను పద్నాలుగేళ్లుగా స్లైడ్లు కడుగుతున్నాను. మనిషి కణాలను ఎలుక మెదడులో నాటి, అవి బతికాయా లేదా అని చూడటం మేడం పరిశోధన. రెండూ కలిసిపోతే ఏది ఎవరిదో కంటికి తెలియదు. ఆమె తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీ అనే ద్రవం మాత్రం మనిషి కణం కేంద్రకాన్నే పట్టుకుంటుంది, ఎలుకదాన్ని ముట్టదు. పట్టుకున్నచోట రంగు మెరుస్తుంది.

"మా ఆయన తాగొస్తె నన్నే గుర్తువట్టడు మేడం. ఇది గన్ని ఎలుక కణాల నడుమ మనిషిని పడ్తదా?" అన్నాను.

"పడ్తది సమ్మక్కా. దీనికి తాగుడు అలవాటు లేదు గద!" అన్నారు.

రంగు అన్ని స్లైడ్లకూ వేస్తారు. యాంటీబాడీ మాత్రం ఒకదానికి వేయరు. అది చీకటిగా ఉంటేనే మిగతావాటి మెరుపు నిజం. ఆ సంగతి తెలియక, ఒకసారి ఆ స్లైడు మీద నేనే యాంటీబాడీ ఒక చుక్క వేశాను. అది కూడా మెరిసింది. ఇన్నాళ్ల మెరుపంతా అబద్ధమేనేమోనని మేడం మూడు రోజులు సరిగా తిండి తినలేదు. చివరికి నేనే చెప్పాను.

"బంతిల అందరికి వడ్డించి ఒక్క ఇస్తారి ఖాళీగ ఇడిస్తె మనసొప్పలే మేడం."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "నీ వడ్డనతోని నా పాణం పోయేటట్టుండె గదక్కా! రేపటి సంది జర ముందుగాల రా, చదువు నేర్పుత." యాభై రెండేళ్ల వయసులో అలా పలక పట్టాను. ఈ మాటలు రాస్తున్నది ఆమె దిద్దించిన చేయి.

"మెరిసింది చూసి మురువద్దు. మెరవద్దన్నది చీకటిగ ఉన్నదా, ముందుగాల అది సూడాలె" అనేవారు.

ఆ యాంటీబాడీని ఇచ్చే కణాలు ద్రవ నత్రజని పోసిన పెద్ద క్యానులో గడ్డకట్టి ఉన్నాయి. నత్రజని రోజూ కొంత ఆవిరైపోతుంది, పూర్తిగా అయిపోతే కణాలు చచ్చిపోతాయి. "ఇంకోచోట గూడ దాస్తనక్కా, ఈ నెల కానీ" అంటూనే పోయారు. ఆఫీసువాళ్లు నత్రజని తెప్పించడం ఆపేశారు.

"మేడమే లేకపాయె, ఆ డబ్బా ఎందుకు సమ్మక్కా?" అన్నాడు క్లర్కు.

"అండ్ల పాణమున్నది సారూ."

"సంతకం పెట్టేటోళ్లు లేరు."

రోజూ ఉదయం క్యానులో చెక్క కర్ర ముంచి తీస్తాను. కర్ర మీద ఎంత మేర మంచు పడితే నత్రజని అంత ఉన్నట్టు. ఆమె పోయిన రోజు జానెడుంది. నాకోసం మేడం తెలుగులో రాసిపెట్టిన పుస్తకం ఎన్నోసార్లు తిరగేశాను. కడగడం, ఆరబెట్టడం వరకే రాశారు. కణాలను మళ్లీ లేపి పెంచే పని ఇంకా రాయలేదు.

మేడం దగ్గర ఆ పని నేర్చుకుని వెళ్లిన శిష్యులారా, మీరెక్కడున్నా రండి. సంతాప సభకు దండలు తేవద్దు, నత్రజని తెండి. ఆమెను దక్కించుకోలేకపోయాం. ఆమె చేతి పనినైనా దక్కించుకుందాం. ఇది రాయడం మొదలుపెట్టిన రోజు కర్ర మీద మంచు నాలుగు వేళ్లు. ఇవాళ రెండు.