మగ్గాల ఉస్తాద్‌కు నేను రాసిచ్చిన ప్లాన్

2023 వానాకాలం. సూరత్‌లో నేను లైఫ్ కోచ్‌గా పని మొదలుపెట్టి అప్పటికి ఏడాదిన్నర. అంతకుముందు చేసిన పనులు వరసగా చెబితే మా అమ్మకే నవ్వొస్తుంది. కాకినాడలో లెక్కల టీచర్ని. పెళ్లయి ఇక్కడికొచ్చాక హజీరాలో ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుని. తర్వాత రింగ్ రోడ్ మార్కెట్ నుంచి చీరలు తెచ్చి ఇంట్లో అమ్మేదాన్ని. ల్యాబ్‌లో ఉండగానే లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. కీమో ఎక్కించే గదిలో ఊరికే ఉండలేక పక్క మంచాలవాళ్లతో కబుర్లు పెట్టుకునేదాన్ని. "మీరు వచ్చిన రోజు ఇక్కడ ఎవరూ టైమ్ అడగరు" అని ఒక నర్సు హిందీలో అంది. కోలుకున్నాక ఆ మాటే పట్టుకుని కోచింగ్ కోర్సులో చేరాను.

కోచ్ మందులివ్వదు, మనోవ్యాధులకు వైద్యం చేయదు. సలహాలు కూడా ఇవ్వకూడదు. ప్రశ్నలు అడగాలి, వినాలి, ఎదుటి మనిషి తన దారి తనే చూసుకునేదాకా ఓపిక పట్టాలి. కోర్సులో మొదటి రోజు చెప్పిన పాఠం ఇది. రాజేశం దగ్గర నేను మర్చిపోయిందీ ఇదే.

నా చీరలకు ఫాల్ కుట్టే లక్ష్మి భర్త ఆయన. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇరవై నాలుగేళ్లు ఇక్కడి మరమగ్గాల మీద పనిచేశాడు. గుండెకు బైపాస్ ఆపరేషన్ అయి నాలుగు నెలలు. పన్నెండు గంటల షిఫ్టు ఇక కుదరదని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆనాటి నుంచి మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడట.

"అక్కా, నువ్వు అందరికీ మంచి చెడు చెప్తవంట గద. మా ఆయనకు జర చెప్పు" అంది లక్ష్మి.

కోసాడ్‌లో వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. రాజేశం మర్యాదగా కుర్చీ వేసి, అనుమానంగా అడిగాడు. "లైఫ్ అంటే పాలసీ గిట్ల కట్టాలెనా మేడం?"

కాదని నవ్వి, నా పని మొదలుపెట్టాను. మా విద్యలో ఓపెన్ క్వశ్చన్ అని ఒకటుంది. అవుననో కాదనో తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న. "ఇప్పుడు మీ జీవితంలో ఏముంటే బాగుంటుంది?" అన్నాను.

ఆయన ఆగిపోయిన ఫ్యాన్ వైపు చూశాడు. "కరెంటు ఉంటే బాగుంటది మేడం."

లక్ష్మి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ ప్రశ్నను అక్కడే వదిలేశాను. రెండు వారాలయ్యాక మూడు రంగుల సిరాలతో యాక్షన్ ప్లాన్ రాసిచ్చాను. పొద్దున నడక, మధ్యాహ్నం విశ్రాంతి, దీపావళి నాటికి కాలనీలోనే చిన్న కిరాణా కొట్టు. అన్నిటికీ "అట్లనే మేడం" అన్నాడు. కాగితాన్ని భద్రంగా మడిచి దేవుడి పటం వెనక పెట్టాడు. వారం తర్వాత ఎలా సాగుతోందని అడిగితే లక్ష్మి చెప్పింది. "రోజూ దండం పెడుతుండు గని చదువుతలేడు అక్కా."

ఆ తర్వాతి సోమవారం లక్ష్మి ఫోన్ చేసింది. "కూరగాయలు తెస్తనని పోయి కార్ఖానల మగ్గం ఎక్కిండంట. పక్కింటాయన చూసిండు."

నేను వెళ్లేసరికి రాజేశం ఇల్లు చేరాడు. ముఖం పాలిపోయింది, జుట్టు నిండా నూలు పీచు. కోపం ఆపుకోలేకపోయాను. "ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? లక్ష్మి గతేంటి?" అని అరిచాను. కోచ్ అనాల్సిన మాటలు కావవి. ఆయన తల దించుకుని గోళ్లు చూసుకుంటున్నాడు.

ఆ తల చూశాక నాకు ల్యాబ్ గుర్తొచ్చింది. చికిత్స ముగిసి తిరిగి డ్యూటీలో చేరిన రోజు నా బల్ల మీద పూలు పెట్టారు, ఇంటి నుంచి సూపు తెచ్చిచ్చారు. పరీక్షకు వచ్చిన శాంపిళ్లలో మాత్రం ఒక్కటి కూడా నా చేతికివ్వలేదు. "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం" అన్నారు. రెండు నెలలు కూర్చున్నాను, మానేశాను. వాళ్లందరూ మంచివాళ్లే. ఇప్పుడు ఈయన ముందు నేనూ అలాంటి మంచిదాన్నే అయ్యాను.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "అరిచాను, ఏమనుకోకండి. ఒక్కటి చెప్పండి. అక్కడ ఉన్నదేంటి, ఇంట్లో లేనిదేంటి?"

లక్ష్మి ఏదో అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆడ నన్ను ఉస్తాద్ అంటరు మేడం," అన్నాడు చివరికి. "ఇంట్ల బిందె ముట్టుకోనియ్యరు, మెట్లు ఎక్కనియ్యరు. ఉన్ననంటే ఉన్న."

లక్ష్మి కళ్లు తుడుచుకుంది. "నీ పానం కోసమే గదయ్యా."

"నాకు తెల్వదానే?" అన్నాడు మెత్తగా.

ఉస్తాద్ ఏం చేస్తాడని అడిగాను. అప్పుడు మొదలైంది! మగ్గం చప్పుడు మారితే కళ్లు మూసుకుని ఎక్కడ తేడా ఉందో చెబుతాడట. ఆయన ముడేసిన పోగు బట్టలో కనబడదట. కొత్తగా వచ్చినవాళ్లు ఎందరో ఆయన దగ్గరే నేర్చుకున్నారట. చేతులు గాలిలో ముళ్లు వేస్తున్నాయి. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

"ఇందులో కూర్చుని చేయగలిగినవి ఏవి?" అన్నాను.

లెక్కపెట్టుకుని తలెత్తాడు. "నేర్పుడు. నేర్పుడు కూసొని చేయొచ్చు."

ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాం. పరీక్షలన్నీ చూసి, రోజుకు నాలుగు గంటలు, బరువులు ఎత్తకుండా, చెవులకు ప్లగ్గులు పెట్టుకుని అయితే సరేనన్నారు. తర్వాత ఆ పని ఇమ్మని కార్ఖానా యజమాని సేఠ్‌ను అడగాలి. "మీరొచ్చి మాట్లాడుండ్రి మేడం" అన్నాడు రాజేశం. రానన్నాను, పెదవి కొరుక్కుని మరీ. బదులుగా రోల్ ప్లే చేశాం. అంటే జరగబోయే సంభాషణను ముందే ఆడి చూసుకోవడం. నేను సేఠ్‌ని. కాళ్లు చాపుకుని "క్యా హై భాయ్?" అన్నాను.

లక్ష్మికి నచ్చలేదు. "సేఠ్ అంత సక్కగ చూడడక్కా. ఫోన్ చూసుకుంట మాట్లాడ్తడు. లే, నేను చేస్త." ఆమె సేఠ్ అయి మొగుణ్ని ఆరుసార్లు గది బయటికి పంపింది. ఏడోసారికి ఆయన చెప్పాల్సింది తడబడకుండా చెప్పాడు.

పాత సేఠ్ ఒప్పుకోలేదు. మూడో కార్ఖానాలో ఒప్పుకున్నారు. రోజూ పొద్దున నాలుగు గంటలు, కుర్చీలో కూర్చుని కొత్తవాళ్లకు పని నేర్పడం. మొదటి వారం అయ్యాక ఫోన్ చేసి, "మేడం, ఇయ్యాల ముగ్గురిని తిట్టిన!" అన్నాడు, పండగ కబురు చెప్పినట్టు.

రెండేళ్లుగా అదే పని. గుండె పరీక్షలకు లక్ష్మి వెంట వెళుతుంది, మిగతా చోట్లకు ఒక్కడే వెళతాడు. నేను మూడు రంగుల పెన్నులు మా మేనకోడలికి ఇచ్చేశాను. జబ్బుపడిన మనిషికి అండ కావాలి, నిజమే. దానితోపాటు తన అవసరం ఎవరికో ఉందన్న నమ్మకం కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో ఆ మనిషికే తెలుసు, నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుని ఎదురుగా కూర్చోవడమే నా వృత్తి అని ఆ ఇంట్లో నేర్చుకున్నాను.

పోయిన నెల ఉద్యోగం పోయిన ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. ఎవరు పంపారంటే రాజేశం ఉస్తాద్ అన్నాడు. ఏం చెప్పి పంపాడని కుతూహలంగా అడిగాను.

"ఆమె ఏం చెప్పదు, పోయి కూసో, నీకే యాదికొస్తది అన్నడు మేడం."