నడుస్తున్న సాంచలకు బంద్ ఫ్లాగ్

ముప్పై ఐదేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. కోరుట్లలో బీడీలు చుడుతూ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఓపెన్ స్కూల్, జగిత్యాలలో కంప్యూటర్ కోర్సు. రాయడం వచ్చాక కూడా ఎల్లయ్య సంగతి రాయడానికి చేయి రాలేదు.

కరోనా తర్వాతి ఏడాది సిరిసిల్లలో ఒక నూలు సొసైటీలో ఆపరేటర్‌గా ఉన్నాను. ఎవరికి నూలు ఇవ్వాలో పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రామ్ తేల్చేది. సాంచలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయినవారి పేరు ఎదుట 'బంద్' అని వచ్చేది. వారికి నూలు లేదు. ఎల్లయ్యవి నాలుగు సాంచలు, నాలుగూ నడుస్తున్నాయి. తెర మీద మాత్రం బంద్.

"బందా? మా సాంచల చప్పుడుకు గల్లీల కుక్కలు సుత పండ్తలెవ్వు. జర అచ్చి ఇనుండ్రి సారూ" అన్నాడు.

"నేనేం జెయ్యాలె ఎల్లయ్యా, కంప్యూటర్ ఒప్పుతలేదు" అన్నాడు మేనేజర్.

"దానికంటే చెవుల్లెవ్వు. మీకున్నయి గదా!"

మేనేజర్‌కు కోపం వచ్చింది. ప్రోగ్రామ్ చూస్తానంటే నన్ను ముట్టనివ్వలేదు. రెండో నెలా బందే. మూడో నెలకు ఒప్పుకున్నాడు.

బంద్ అని వేయించేది ప్రోగ్రామ్‌లోని ఒక ఫ్లాగ్, అంటే అవునో కాదో చెప్పే గుర్తు. సాంచలు ఆగితే దాన్ని ట్రూ చేయమని ఒక ఇఫ్, అంటే షరతు, ఉంది. నడుస్తుంటే ఫాల్స్ చేయమని లేదు. జాబితాలో కొత్త వాడ మొదలైనప్పుడే అది ఫాల్స్ అయ్యేది. తన వాడలో చివరి నంబరు ఎల్లయ్యది. ముందు నంబరు మనిషి సాంచలు ఆపి మహారాష్ట్రలోని భివండికి పనికి పోయాడు. అతని ట్రూ ఈయనకు అంటుకుంది. ఆ ఇఫ్ తీసేసి ఒకే లైను రాశాను: నడిచే సాంచలు సున్నానా అన్న ప్రశ్నకు వచ్చే జవాబే ఫ్లాగ్. ఇక ఎవరి జవాబు వారిదే.

ప్రోగ్రామ్ నడిపాను. ఎల్లయ్య పేరు ఎదుట మళ్లీ బంద్.

"నువ్వు దిద్దింది గిదేనా?" అన్నాడు మేనేజర్.

సాంచలు లెక్కపెట్టడానికి వెళ్లిన మనిషి ఆ వారమే ఎల్లయ్యకు సున్నా వేసి ఉన్నాడు. ఎల్లయ్యకు ఫోన్ చేశాను.

"నూలు లేక నిలవడ్డయి. ఇనుము కింద జోకి అమ్మిన చెల్లే. ఇగ నూలెందుకు, జందెం ఏసుకోవాల్నా?" అని నవ్వాడు.

లైను సరిగ్గానే పనిచేస్తోంది. దిద్దడం ఆలస్యమైతే తప్పే నిజమైపోతుందని ఆ రోజు తెలిసింది.

మరుసటి ఉదయం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి ప్రోగ్రామ్‌ను మొదటి లైను నుంచి తెరిచాను. అక్షరాలు నేర్చుకున్నప్పటిలాగే తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క ఇఫ్ దగ్గరా ఆగుతూ, చదవడం మొదలుపెట్టాను.