ఐ విల్ కమ్, మేడమ్

మా ఇంట్లో "పోత" అనే మాట నిషేధం. గడప దాటేవాళ్ళు ఎవరైనా "వస్త" అనే దాటాలి. ఇంటర్‌లో ఉండగా ఒకసారి, బస్సు తప్పిపోతుందన్న కంగారులో "పోతున్ననే అమ్మా" అని నోరు జారాను. అమ్మ సందు మలుపు దాకా వచ్చి నన్ను వెనక్కి తీసుకెళ్ళి, అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, ఆ మాట సరిగ్గా అనిపించి మరీ పంపింది. బస్సు ఎటూ తప్పిపోయింది. నేనూ మొండిదాన్నే కానీ అమ్మ ముందు దిగదుడుపే. అప్పటి నుంచి ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా నా నోట "వస్త" దానంతటదే వచ్చేసేది.

బీటెక్ అయ్యాక జర్మనీలో ఎమ్మెస్ సీటు వచ్చింది, కానీ ఒక షరతు మీద. నేను చదివిన స్టాటిస్టిక్స్ వాళ్ళకు ఆనలేదు. ఎండాకాలంలో ఆరు వారాలు ఆన్‌లైన్ కోర్సు చేసి, చివర్లో నోటి పరీక్ష పాసైతేనే సీటు ఖాయం. లేకపోతే ఆ సీటు ఉత్తరం చించి పారేసుకోవడమే. బాపు మాత్రం ఆ షరతు సంగతి వదిలేసి, బిడ్డకు జర్మనీల సీటొచ్చిందని కాశిబుగ్గలో మా సందు మొత్తానికి చెప్పేశాడు. ఫెయిలైతే ఈ సందులో తలెత్తుకుని ఎలా తిరగాలా అని నాకు గుబులుగా ఉండేది.

రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు క్లాసు. మాకున్నవి రెండు గదులు. ముందు గదిలో మగ్గం మీద బాపు జంపఖానాలు నేస్తాడు, వెనక గదిలో నా ల్యాప్‌టాప్. మొదటి రోజే, జర్మనీ నుంచి పాఠం చెప్పే మేడమ్ మగ్గం చప్పుడు విని, మీ ఇంటి పక్కనుంచి రైలు వెళ్తోందా అని అడిగింది. నాకు సిగ్గేసింది. ఆ సంగతి చెప్తే బాపు పెద్దగా నవ్వాడు.

"నీ క్లాసు టైముల నేను జర నడుం వాలుస్త తియ్," అన్నాడు. పగటి పూట పడుకోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. అయినా ఆ ఆరు వారాలూ చాప మీద కళ్ళు మూసుకుని, అటూ ఇటూ దొర్లుతూ, క్లాసు ఎప్పుడవుతుందా అని ఎదురు చూసేవాడు.

పరీక్ష కోసం ఎవరికి వాళ్ళు సొంతంగా ఏదైనా లెక్క సేకరించి దాని మీద మాట్లాడాలి. నేను బాపు మగ్గం మీద రోజుకు ఎన్ని పోగులు తెగుతున్నాయో రాయడం మొదలుపెట్టాను. మొదట్లో ఆయనకు చెప్పలేదు. వారం తర్వాత నోట్‌బుక్ ఆయన కంటపడింది.

"లోకంల ఇంకేం దొర్కలేదా బిడ్డా? నా పోగులు తెగుడు జర్మనీల చెప్తవా?"

మర్నాటి నుంచి పోగులు తెగడం దాదాపు ఆగిపోయింది. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు అందించినంత జాగ్రత్తగా నేయసాగాడు. నాకు ఒళ్ళు మండింది. "జర మామూలుగ నెయ్యి బాపూ, నా లెక్క ఖరాబైతాంది," అని మొత్తుకున్నాను. "మామూలుగనే నేస్తున్న. ఫికర్ చెయ్యకు," అంటాడు తల ఎత్తకుండా.

పరీక్ష రోజు మేడమ్, నేను ఇద్దరమే స్క్రీన్ మీద. పది నిమిషాలు గడగడా అప్పజెప్పేశాను. "బాగుంది, థాంక్యూ," అంది మేడమ్. అయిపోయిందన్న సంతోషంలో, "ఐ విల్ కమ్, మేడమ్," అని ల్యాప్‌టాప్ మూసేశాను. ఆరు వారాలుగా ప్రతి క్లాసు చివరా అదే అంటున్నాను. అందరూ ఒక్కసారే వెళ్ళిపోయే ఆ గోలలో ఎవరూ పట్టించుకోలేదు.

వెనక వసారాలో పొయ్యి దగ్గర అమ్మ నాకు అన్నం, మామిడికాయ తొక్కు వడ్డించి, తన కంచం కూడా తెచ్చుకుంది. నేను నాలుగు ముద్దలు తిన్నానో లేదో ఫోన్‌లో మేడమ్ మెయిల్ కనిపించింది. "మీరు వస్తానన్నారు. ఇంకా ప్రశ్నలు అడగాలి. నేను ఇక్కడే ఉన్నాను."

అప్పటికి ఇరవై నిమిషాలు దాటింది. "ఇప్పుడే వస్తనమ్మా," అని ఎంగిలి చేత్తోనే లోపలికి పరుగెత్తాను.

ల్యాప్‌టాప్ తెరిస్తే మేడమ్ నేను వదిలి వెళ్ళిన చోటే, చేతిలో పెన్నుతో కూర్చుని ఉంది. "మధ్యలో వెళ్ళిపోతే ఫెయిల్ అని రాయాలి. మీరు వస్తానని చెప్పి వెళ్ళారు కాబట్టి రాయలేదు," అంది.

మంచినీళ్ళకు వెళ్ళానని చెప్తే సరిపోయేది. కానీ అంతసేపు నా కోసం కూర్చున్న మనిషి మొహం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను. పరీక్ష అయిపోయిందనుకున్నానని, అది మా భాషలో సెలవు తీసుకునే మాటని, వెళ్తున్నాను అంటే మా అమ్మ ఊరుకోదని నిజం చెప్పేశాను. సీటు పోయినట్టే అనుకున్నాను.

"సరే, వచ్చారుగా," అని మేడమ్ కాగితం తీసింది. "మొదటి వారం తర్వాత పోగులు తెగడం ఎందుకు తగ్గింది?"

"నేను లెక్కపెడుతున్నానని మా నాన్నకు తెలిసిపోయింది, మేడమ్."

ఆమె పెన్ను కింద పెట్టి నవ్వింది. కోర్సు మొత్తంలో ఆమె నవ్వడం చూసింది ఆ ఒక్కసారే. మనుషుల్ని కొలిచే ప్రతి లెక్కలోనూ ఈ చిక్కు ఉంటుందని, అది నేను దాచకుండా చెప్పానని అంది. ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి, పాసయ్యారని చెప్పి, "ఇప్పుడు ఏమంటారు?" అని అడిగింది.

"ఐ విల్ కమ్, మేడమ్," అన్నాను. ఈసారి నిజంగానే అన్నాను.

ముందు గదిలోకి పరుగెత్తి బాపుకు చెప్పాను. ఆయన నా తల నిమిరి, లేచి మగ్గంలో కూర్చున్నాడు. మగ్గం చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ కోసం వెనక వసారాలోకి వెళ్ళాను. పొయ్యి పక్కన నా కంచం మీద మూత పెట్టి ఉంది. దాని పక్కనే అమ్మ, తన కంచం ముందు పెట్టుకుని కూర్చుంది.

"పాసైన అమ్మా," అన్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు చూశాను, ఆమె కంచానికి మెతుకు కూడా అంటలేదు.

"గిప్పటిదాంక తినలేదా?"

"నువ్వు వస్తనంటివి గద," అంది మూత తీస్తూ.