కామేశ్వరరావు గారు అడిగిన పేరు

కామేశ్వరరావు గారు పోయారని పోయిన ఆదివారం శంషాబాద్ బస్టాండు దగ్గర టీ కొట్టులో విన్నాను. ఆయన నాకు మిత్రుడు కాడు. సంతాప సభలో వక్తలందరూ ఆయన సౌమ్యుడన్నారు. నేనొప్పుకోను. అంత మొండి మనిషిని నేను చూడలేదు.

కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో చరిత్ర బోధించి, రిటైరయ్యాక మంఖాల్‌లో మా ఇంటి ముందరి గదులు కిరాయికి తీసుకున్నారు. విమానాశ్రయానికి మా భూములు పోయి, విమానాల చప్పుడు మిగిలిన రోజులవి. లేకుంటే మా ఇంట కిరాయిదారేమిటి? హిట్లర్ కాలంలో యూదులను ఊళ్లకు ఊళ్లుగా చంపిన హోలోకాస్ట్ గురించిన పుస్తకాలతో ఆ గదులు నింపారు. బతికి బయటపడ్డవారి వాంగ్మూలాలను తెలుగు చేసేవారు.

ఒక పత్రిక ఆయన వ్యాసానికి ‘లక్షల మంది బలి’ అని పేరు పెడితే వ్యాసమే వెనక్కి తీసుకున్నారు. “లక్షలంటే ఎవరూ కారండి. ఒక్కరి పేరు చెబితే చచ్చింది మనిషని తెలుస్తుంది” అన్నారు.

“ఎక్కడో దేశంకానోళ్లు సచ్చిపోతే గీయన గిట్ల ఏడుస్తడేంది?” అని మా ఆవిడ ఆయనకు వినపడేటట్టే అన్నది.

“మీవాళ్ల కోసం ఏడవడానికి ఊరంతా ఉందమ్మా. వాళ్లకు ఈ ఊళ్లో నేనొక్కణ్ణే” అన్నారాయన.

మా పెరట్లో పెద్ద రాగి డేగిసా ఉంది. గిన్నెల మీద పేరు చెక్కించుకోవడం అందరికీ అలవాటే. దీని అంచున ఉన్న పేరు ఉర్దూలో ఉంది. పోలీసు చర్య నాడు మామిడిపల్లి విడిచిపోతూ ఒక ముసల్మాను కుటుంబం మా తాతకు అప్పగించిందని మా ఇంట్లో చెబుతారు.

“ఎవరిదండీ ఇది, దొరగారూ?” అని ఒకనాడు ఆయన అడిగారు.

“మా తాత దాచిన వస్తువు.”

“ఎవరి కోసం దాచారో చదివి చెప్పండి. నాకు ఉర్దూ రాదు. ఆ యూదుల ఊళ్లలో కొందరు పొరుగువాళ్లు తీసుకున్న గిన్నెల మీద పేర్లు అరగదీశారు. మీరు ఉంచారు. అందుకే అడుగుతున్నాను.”

“మీ పుస్తకాలు మీరు చదువుకోండ్రి. మా గిన్నెలు చదవకుండ్రి” అన్నాను. మా పెరట్లో నిలబడి మా తాతను దొంగల పక్కన నిలబెట్టిన మనిషిని నెలాఖరుకు ఖాళీ చేయమన్నాను. ఆయన శంషాబాదుకు మారారు.

అటు తర్వాత ఎక్కడ ఎదురైనా నమస్కారం పెట్టి, “చదివారా?” అనేవారు. క్షేమమా అని ఒక్కనాడూ అడగలేదు. పోయిన నెల దవాఖానలో చూడబోతే, ముక్కుకున్న గొట్టం జరుపుకొని అదే మాట.

“ముందు మీరు లేవండ్రి. ఇగ తర్వాత చదువుదాం” అన్నాను.

ఆయన లేవలేదు. ఆ పుస్తకాలను తెలుగు చేసేవారు ఇక లేరు. నన్ను అంతగా విసిగించే మనిషీ ఇక దొరకడు. మా తాత దొంగ కాడు. ఈ మాట ఆయన చితి ముందు కూడా అన్నాను. అయితే దాచినవాడి మనుమడు పేరు దాచడం ఎందుకని ఆయన తప్పక అడిగేవారు.

ఈ పొద్దున అంచును చింతపండుతో తోమించాను. చిన్నప్పటి ఉర్దూ చదువు నన్ను వదల్లేదు. డేగిసా మా పెరట్లోనే ఉంది, అంచున పేరున్న ఆమె వాళ్లెవరున్నా వచ్చి తీసుకుపోవచ్చు.

కామేశ్వరరావు గారూ, చదివాను. జైనబ్ బీ, మామిడిపల్లి.