అవ్వ పదకొండో రోజు భోజనాలు

పదకొండో రోజున, ఎల్లారెడ్డి బస్టాండ్ వెనక అవ్వ ఇంటి ముందు ఉన్నవి: ఒక టెంటు, అద్దెకు తెచ్చిన ఎనభై కుర్చీలు, అన్నానికి రెండు గంజులు, పప్పుకు ఒకటి, కూరకు ఒకటి, దండ వేసిన ఆమె ఫొటో. ఉన్నవాళ్ళు: ఆమె కొడుకు, కోడలు, ఇద్దరు వంటవాళ్ళు, నేను. సమయం ఉదయం పది.

నేను ఆమెకు ఏమీ కాను. డిప్లొమా చదివిన మూడేళ్ళూ ఆ ఇంటి ముందు గదిలో ఉండి, రోజూ బస్సులో కామారెడ్డి వెళ్ళి వచ్చేవాణ్ణి. మొదటి రోజు మంచినీళ్ళు అడగడానికి ఆగాను. సామాను లోపల పెట్టించింది.

ఆ తలుపు పగటిపూట మూసి ఉండగా నేను చూడలేదు. బస్సు తప్పిపోయినవాళ్ళు, తహసీల్ ఆఫీసులో పని తెమలక మర్నాటిదాకా ఆగినవాళ్ళు, చంటిపిల్లకు పాలివ్వడానికి కాస్త చాటు కావలసినవాళ్ళు వచ్చేవారు. ముందు పళ్ళెం పెట్టేది. పేరు తర్వాత అడిగేది, ఒక్కోసారి అదీ మరిచిపోయేది. రోజూ ఒక సేరు బియ్యం ఎక్కువ పోసేది. ఒకసారి నెలంతా రాసుకుని చూపించాను.

"అవ్వా, రోజుకు ఐదుగురి కంటే ఎక్కువ వస్తలేరు."

"మంచిది బిడ్డా. ఇగ ఆ కాయిదం పక్కకు పెట్టి గీ చిక్కుడుకాయ ఈనెలు తియ్యి."

భోజనాల లెక్క ఆమె కొడుకు నాకు అప్పగించాడు. నేను ఆయన్ను కాకా అంటాను.

"మా అమ్మ ఇంట్లకెల్లి ఒక్కలు గూడ తినకుంట పోవద్దు. గంతే చూసుకోరా."

చుట్టాలు, వాడకట్టు ఇరుగుపొరుగు, అవ్వ ఫోనులో ఉన్న నంబర్లు. అందరికీ ఫోన్ చేసి ఇంటికెందరు వస్తారో రాసుకున్నాను. రెండు వందల పది. దానికి పది శాతం కలిపాను.

ఒంటిగంటదాకా సరిపోయింది. ఆ తర్వాత బస్సులు దిగి రావడం మొదలైంది. రెండు దాటాక వచ్చి వరసలో నిలబడ్డ ఒక ముసలావిడను అవ్వకు ఏమవుతారని అడిగాను.

"ఏం కాను బిడ్డ. పిట్లం నుంచి వచ్చిన. కన్ను ఆపరేషనప్పుడు నాలుగు దినాలు ఈడనే పండుకున్న. బస్సుల ఎవలో చెప్తే తెలిసింది."

ఆ ఇంటికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ పిలిస్తే వచ్చినవాళ్ళు కారు. నేను పిలిచినవాళ్ళనే లెక్కపెట్టాను.

రెండున్నరకు అన్నం గంజులు ఖాళీ అయ్యాయి.

"ఇంజనీరూ, ఎందరన్నవ్‌రా?"

"రెండొందల ముప్పై ఒకటి, కాకా."

"గేటు దిక్కు చూడు."

చూశాను. కాకా ఇంట్లో ఉన్న బియ్యం కడిగించి మళ్ళీ ఎసరు పెట్టించాడు. నలభై నిమిషాలన్నాడు వంటవాడు. మూడింటికి కామారెడ్డి బస్సు, దాని వెనకే బాన్సువాడ బస్సు బయల్దేరతాయి.

"జర ఆగుండ్రి, అయితది," అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పాను. కొందరు కూర్చున్నారు. పిట్లం ఆవిడ ఫొటోకు మొక్కింది.

"ఏం కాదు తీ బిడ్డ. ఈ బస్సు పోతే మళ్ల లేదు."

కాకా ఒక కుర్చీ లాక్కుని గేటుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. అంతకు ముందు పది రోజులూ రాలేదు.

మూడూ పదికి అన్నం దిగింది. ఆగినవాళ్ళంతా తిన్నారు. తినకుండా బస్సెక్కినవాళ్ళు పంతొమ్మిది మంది.